రేపల్లెలో ఉరమని ఆకాశం

ఈ మధ్య ఇంజనీరింగు చదివే పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, "మేడం, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన సమస్య ఏంటండి?" అని అడిగారు. ఏ వైరస్సో, ఏ సర్వరో చెబుతానని ఫోన్లు తెరిచి పెట్టుకున్నారు.

"రేపల్లె" అన్నాను.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఊరు సమస్య ఎలా అవుతుందని పాపం వాళ్ళ అనుమానం. కాఫీలు తాగి, మర్యాదగా దండం పెట్టి వెళ్ళిపోయారు. చెప్పాల్సిన కథ మాత్రం నా గొంతులోనే ఉండిపోయింది. రెండ్రోజులు చూశాను, అరగలేదు. అందుకని ఇలా రాస్తున్నాను. తీరిక ఉంటేనే చదవండి, నాకు తొందరేం లేదు, రిటైరయ్యాను.

నా ఉద్యోగం పిడుగులు పట్టే మిషన్‌కు సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని నడపడం. పట్టడమంటే చేత్తో పట్టడం కాదులెండి. దూరంగా ఎక్కడో మెరిసినా పాత రేడియోలో గరగరమని వినిపించేది, మీ అమ్మానాన్నలను అడగండి. ఆ గరగరను పట్టుకునే యాంటెన్నాలను మూడు ఊళ్ళలో మేడల మీద పెట్టాం. తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి. ఒక పిడుగు పడితే దాని గరగర ఏ ఊరికి ముందు చేరింది, ఏ ఊరికి ఎంత వెనకగా చేరింది అని పోల్చి చూసుకుంటే, అది ఎక్కడ పడిందో లెక్క తేలుతుంది. రెండు ఊళ్ళతో పని జరగదు. రెండే ఉంటే పిడుగు ఫలానా గీత మీద ఎక్కడో పడిందని మాత్రం తెలుస్తుంది. ఆ గీత పొలాల మీదుగా వెళ్ళి సముద్రంలో దిగుతుంది. మూడో ఊరు నోరు విప్పితేనే చోటు తెలిసేది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మిగతా సైన్సు ఈ కథకు అక్కర్లేదు.

మా బృందం చిన్నది. దానికి పెద్ద, చేబ్రోలు నుంచి వచ్చే ప్రొఫెసరుగారు. మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. యాంటెన్నా నిలబెట్టే ముందు పంచాంగం చూసేవారు, నిలబెట్టాక మాన్యువల్ చూసేవారు. రెండూ ఒకే భక్తితో చూసేవారు. తీగలు, బ్యాటరీలు, పెట్టెలు చూసుకునే ఇంజనీరు ఒకతను. నాకన్నా చిన్నవాడే గానీ నోరు నాకన్నా పెద్దది. "అక్కా" అని పిలుస్తూనే తిట్టేవాడు, నేను "తమ్ముడూ" అని పిలుస్తూనే వడ్డీతో సహా అప్పజెప్పేదాన్ని. ఇక మూడో మనిషి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. బాపట్ల పక్క పల్లె. మాట మెత్తన, పట్టుదల మాత్రం ఇనుము. నేనేమో నందివెలుగులో పుట్టి, తెనాలిలో కాపురం పెట్టి, మా కంట్రోల్ రూముకు రెండు వీధుల అవతలే ఇల్లు చూసుకున్నదాన్ని.

నియంత్రణ సాఫ్ట్‌వేర్ అనగానే మీరేదో రాకెట్లు ఎగరేసే పని అనుకుంటారేమో. నన్నడిగితే అది ముగ్గురు పిల్లల్ని బడికి తయారుచేసే తల్లి పని. పొద్దున్నే లేపాలి, ముగ్గురి గడియారాలూ ఒకటే టైము చూపించేలా చూడాలి, ఒంట్లో వేడిగా ఉందా అని చెయ్యి పెట్టి చూడాలి, కరెంటు పోతే భయపడకుండా బ్యాటరీ మీదికి మార్చాలి, వచ్చాక మళ్ళీ మామూలుగా నిలబెట్టాలి. అంతా బాగుంటే తెర మీద మూడు పచ్చ గళ్ళు వెలుగుతాయి. ఆ పచ్చ గళ్ళు చూసుకుని నేను ఎంత మురిసిపోయేదాన్నో మా ఆయన్ను అడగాలి. ఇంట్లో కూడా వాటి కబుర్లే చెప్పి ఆయన ప్రాణం తీశాను.

మొదట్లో బాపట్ల బాగా సతాయించింది. అక్కడ కాలేజీ హాస్టల్ మేడ మీద మా యాంటెన్నా. ఆకాశం అద్దంలా ఉన్నా, పొద్దున్నే తెర మీద పిడుగుల వాన! తమ్ముడు వెళ్ళి రెండు పూటలు అక్కడే ఉండి చూస్తే, కింద మెస్సులో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ తిరిగినప్పుడల్లా మా మిషన్ దాన్ని పిడుగు అనుకుంటోందని తేలింది. తెనాలిలో పక్కసందులో వెల్డింగు షాపు, రేపల్లెలో నీళ్ళ మోటారు. ఒక్కో ఊరిది ఒక్కో పేచీ. గ్రైండర్ గొడవ ఎలా ఉంటుందో, అసలు పిడుగు ఎలా ఉంటుందో తేడా కనిపెట్టి, గొడవను వడగట్టే భాగం సాఫ్ట్‌వేర్‌లో రాశాను. ఆ వడపోత కుదిరిన రోజు పెద్దసారు అందరికీ టిఫిన్ పెట్టించారు. ఇడ్లీలే. తమ్ముడు ఇడ్లీని చేత్తో పైకెత్తి, "అక్కా, ఇది పిడుగు కాదు కదా?" అని అడిగి మరీ తిన్నాడు.

రేపల్లె కథ మాత్రం వేరు.

అక్కడ ఆడపిల్లల హాస్టల్ మేడ మీద మా గది. నీళ్ళ ట్యాంకు పక్కన చిన్న గది, తలుపుకు తాళం. తాళంచెవి ఆ హాస్టల్‌లో పనిచేసే ఆయమ్మ దగ్గర. ఆవిడకు నా వయసే ఉంటుంది. హాస్టల్ వెనక గదిలోనే కాపురం. మిషన్ పెట్టిన రోజు పెద్దసారు ఆవిణ్ణి పిలిచి, తాళంచెవి చేతిలో పెట్టి, "ఆయమ్మా, ఇది మా అందరి కష్టం. నీ ప్రాణంతో సమానంగా చూసుకోవాలి" అన్నారు. ఆవిడ తాళంచెవి కళ్ళకద్దుకుని తాళిబొట్టు పక్కన కట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ గదిలో దుమ్ము అన్నది లేదు. తెనాలిలో మా కంట్రోల్ రూము కంటే శుభ్రంగా ఉండేది, ఆ సంగతి తమ్ముడి మొహాన అన్నాను కూడా.

ఎండ రోజుల్లో రేపల్లె మిషన్ బంగారం. పరీక్ష కోసం ఏ దొంగ పిడుగు పంపినా టక్కున పట్టేది. గడియారం సరి, బ్యాటరీ సరి, అంతా పచ్చ. తీరా మబ్బు పట్టి ఉరమడం మొదలవగానే తెనాలి పిడుగులు చెప్పేది, బాపట్ల పిడుగులు చెప్పేది, రేపల్లె మాత్రం మౌనవ్రతం. మిషన్ ఆగిపోలేదు, బతికే ఉంది, పచ్చ గడి అలాగే ఉంది. బ్యాటరీ మీద నడుస్తున్నానని కూడా చెబుతుంది. ఉరుముల సంగతి అడిగితే మాత్రం, ఆకాశం నిర్మలంగా ఉంది, ఇక్కడ ఏమీ లేదు అంటుంది. రేపల్లె బస్టాండులో నిలబడ్డ మనిషికి ఫోన్ చేస్తే అవతల చెవులు పగిలే ఉరుము మాకే వినిపించేది. వాన వెలిశాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ మామూలైపోయేది.

ఒకటి రెండుసార్లైతే సరే. ప్రతి గాలివానకూ ఇదే తంతు.

తమ్ముడు వెంటనే తీర్పు చెప్పేశాడు. "అక్కా, నీ వడపోత గ్రైండర్‌తో పాటు పిడుగుల్ని కూడా వడగట్టేస్తోంది."

"బాపట్లలో వడగట్టనిది రేపల్లెలో ఎందుకు వడగడుతుందయ్యా? నీ బ్యాటరీ మీదికి మారగానే ఏదో చచ్చిపోతోంది, అది చూసుకో ముందు."

"నా బ్యాటరీ సింహం."

"అయితే సింహాన్ని గర్జించమను!"

ఇలా ఉండేది మా శాస్త్రీయ చర్చ. పెద్దసారు మధ్యలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకునేవారు. నేను వడపోతను సగానికి సడలించాను. లాభం లేదు. పూర్తిగా తీసేశాను. నీళ్ళ మోటారు పిడుగులు వచ్చాయి గానీ వానలో అసలు పిడుగులు రాలేదు. తమ్ముడు బ్యాటరీ మార్చాడు, పెట్టె మార్చాడు, ఆఖరికి యాంటెన్నా కడ్డీ కూడా మార్చాడు. రికార్డు తీసి చూస్తే ఒక్క వింత కనిపించింది. గాలివాన సమయంలో రేపల్లెలో మామూలుగా ఉండే సన్నటి గుసగుస కూడా ఉండేది కాదు. దానికీ నా దగ్గర జవాబు ఉంది. ఉరిమితే ఊళ్ళో కరెంటు తీసేస్తారు, మోటార్లూ ఫ్యాన్లూ ఆగిపోతాయి, గొడవ తగ్గుతుంది, మిషన్ బ్యాటరీ మీదికి మారుతుంది. అన్నీ అతికినట్టు సరిపోయాయి. అలా అతికినట్టు సరిపోయే జవాబు దొరికితే మనిషి ఇక వెతకడు. నేనూ వెతకలేదు.

ఉరుములున్న రోజు వెళ్ళి అక్కడే కూర్చుందామని కూడా చూశాం. తమ్ముడు వెళ్ళి కూర్చుంటే రోజుల తరబడి ఎండ దంచింది. వాడు తెనాలి రైలెక్కగానే రేపల్లెలో వాన. "ఎవరైనా గదిలోకి వెళ్తున్నారేమో, మిషన్ ముట్టుకుంటున్నారేమో" అని పెద్దసారుకు అనుమానం వచ్చి ఆయమ్మకు ఫోన్ చేశారు.

"అయ్యో, ఈగను కూడా వాలనివ్వనండి. నేనుండగా ఎవరు ముడతారండి?" అంది ఆవిడ. ఆ మాటలో అబద్ధం లేదు, ఇప్పటికీ లేదనే అంటాను.

ఈ గొడవంతా మాకు తలనొప్పి. ఆ పీహెచ్‌డీ అమ్మాయికి మాత్రం అది బతుకు. ఆమె పరిశోధనంతా ఈ మూడు ఊళ్ళ మధ్య పడే పిడుగుల మీదే. ఏ మబ్బు ఎటు కదులుతోందో చూసి, పిడుగు పడేలోపే పొలాల్లో ఉన్నవాళ్ళ ఫోన్లకు కబురు పంపాలని ఆమె తాపత్రయం. ఒకరోజు మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తింటూ ఉంటే ఎందుకో చెప్పింది. వాళ్ళ అమ్మ కూలికి వెళ్తుంది, నాట్లకూ కలుపుకూ. ఆమె చిన్నప్పుడు అమ్మ పక్కనే వంగి నాటు వేస్తున్న పెద్దమ్మ మీద పిడుగు పడింది.

"ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుని పాడిందండి పెద్దమ్మ. సోమవారం లేదు. మా అమ్మ ఇప్పటికీ పొలానికి వెళ్తానే ఉందండి. ఉరిమితే నాకు ఇక్కడ అన్నం సహించదు."

 నా డబ్బాలో ఉన్న వంకాయ కూర ఆమె డబ్బాలో వేశాను. నాకు చేతనైన ఓదార్పు అదే.

అప్పుడే పిడుగులాంటి కబురు ఇంకోటి వచ్చింది. మిషన్లకు డబ్బిచ్చిన ఢిల్లీ కమిటీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ చేతికి మేం పంపిన రికార్డుల్లో గాలివాన అన్నప్పుడల్లా రెండు ఊళ్ళే ఉన్నాయి. ఆ వానాకాలం ముగిసేలోగా మూడు ఊళ్ళూ కలిసి పనిచేయకపోతే మిషన్లను విప్పి, ఎక్కడో కొండల్లో ఉన్న మరో కేంద్రానికి పంపించేస్తారు. అమ్మాయి వేరే అంశం తీసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. ఆమె ఆ మాట విని కంప్యూటర్ ముందు కూర్చుని రేపల్లె గడి వైపే చూస్తూ ఉండిపోయింది. 

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే తూర్పున మబ్బు కమ్మింది. పెద్దసారు పంచాంగం చూడకుండానే చెప్పారు, "ఇవాళ కొడుతుంది." తమ్ముడు తెనాలిలో ఉండి మిషన్లు చూపించాలి. తెర సంగతి అమ్మాయికి నాకంటే బాగా తెలుసు.

"నేను రేపల్లె పోతాను. ఉరిమినప్పుడు ఆ మిషన్ ఏం నాటకం ఆడుతుందో కళ్ళారా చూస్తాను" అన్నాను.

"నువ్వు వెళ్తే ఎండ కాస్తుందక్కా" అన్నాడు తమ్ముడు.

"కాస్తే నీ బట్టలు ఆరతాయిలే" అని రైలెక్కాను.

రేపల్లె రైలు గురించి మీకు చెప్పాలా? వేమూరు దాటేసరికి పక్కసీటు ఆవిడ నా పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టేసింది. నేను దిగేసరికి మబ్బు ఇంకా నల్లబడింది. ఆయమ్మ నన్ను చూసి ఎంత సంతోషించిందో! ముందు అన్నం తినాల్సిందేనని పట్టుబట్టింది. హాస్టల్ పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయారు. వంటింట్లో పీట వేసి, గోంగూర పచ్చడి, రొయ్యల ఇగురు వడ్డించింది. పైన గదిలో నా పచ్చ గడి పచ్చగానే ఉందని ఫోనులో చూసుకుని, రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఊరికి తూర్పున ఏటి వైపు పెద్ద ఉరుము ఉరిమింది.

"అర్జునా, ఫల్గుణా!" అంటూ ఆయమ్మ గరిటె గిన్నెలో పడేసి లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. "మీరు తింటా ఉండండి మేడంగారు, ఇప్పుడే వస్తా" అని వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. హాల్లోకి వెళ్ళి టీవీ ప్లగ్గు పీకింది, దాని వెనక కేబుల్ తీగ కూడా లాగేసింది. వరండాలో మోటారు స్విచ్చి కట్టేసింది. నాకు ముచ్చటేసింది. మా ఇంట్లో నేను చేసేదీ అచ్చం ఇదే. ఉరుము వినపడగానే ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకి, ఆ తరువాతే కంట్రోల్ రూముకు పరిగెత్తేదాన్ని. మా ఊళ్ళల్లో ఇది ఎవరికీ ఎవరూ నేర్పరు, పుట్టుకతో వస్తుంది.

ఆయమ్మ మేడ మెట్లు ఎక్కుతోంది. పైన నీళ్ళ ట్యాంకు తప్ప ఏముంది, ఎందుకు ఎక్కుతోందా అనుకున్నాను. ఆ తరువాత పైన ఏముందో గుర్తొచ్చింది. ముద్ద చేతిలోంచి జారిపోయింది. ఎంగిలి చేత్తోనే మెట్ల మీద పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి పని పూర్తయింది. మా మిషన్ ప్లగ్గు గోడ మీద నుంచి వేలాడుతోంది. యాంటెన్నా తీగ మర విప్పేసి ఉంది. ఆ తీగ కొసకు చెమ్మ తగలకుండా పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తోంది ఆయమ్మ. తరువాత ఉతికిన తువ్వాలు తీసి మిషన్ మీద కప్పి, పసిబిడ్డను జోకొట్టినట్టు రెండుసార్లు తట్టింది. లోపల బ్యాటరీ ఉంది కదా, మిషన్ బతికే ఉంది. చెవులు మాత్రం లేవు. అందుకే దానికి ఆకాశం నిర్మలం!

నేను గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"చూశారా మేడంగారు, ఒక్క వానకి కూడా మర్చిపోలేదండి" అంది ఆవిడ గర్వంగా. "లోగడ మా హాస్టల్ టీవీ పిడుక్కి మాడిపోయింది. పిల్లలు ఎంత ఏడ్చారో! పెద్దసారు ప్రాణంతో సమానం అన్నారు కదా, దీన్ని మాత్రం కాలనిచ్చేది లేదని అప్పుడే అనుకున్నానండి."

అంతలో ఫోన్ మోగింది. అమ్మాయి. "మేడం, రేపల్లె మళ్ళీ మూగబోయిందండి. కమిటీవాళ్ళు నా వెనకే నిలబడి ఉన్నారండి." 

నాకు ఇంకేమీ కనపడలేదు. పాలిథిన్ కవరు పీకి, తీగ పట్టుకోబోయాను. కిటికీ నిండా తెల్లగా మెరిసింది. ఆయమ్మ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. ఏం పట్టు అది!

"చెయ్యి తియ్యండమ్మా! మిషన్ పోతే ఇంకోటి తెస్తారు. మీరు పోతే మీ ఇంట్లోవాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?"

"ఆయమ్మా, దీనికి పైన కాపలా పెట్టాం. పిడుగు వస్తే భూమిలోకి పోవడానికి తీగ వేశాం, దారి చేశాం."

"దారి చేశారు సరే, అది ఆ దారినే పోద్దని మీకు మాటిచ్చిందా?"

 ఆవిడ చెప్పింది నిజమే. నెత్తిన మెరుస్తుంటే యాంటెన్నా తీగ పట్టుకోకూడదని తమ్ముడు మాకు పాఠం చెప్పాడు, నేనే చేతులు కట్టుకుని విన్నాను. నా చేతి గోంగూర ఆవిడ చేతికి అంటుకుంది. ఇద్దరం గోడకు చేరగిలబడి కూర్చున్నాం. వాన హోరున కురుస్తోంది. ఫోనులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

అవతల తమ్ముడి నవ్వు.  పగలబడి, దగ్గొచ్చేలా నవ్వు. "అక్కా! నా సింహం! నీ వడపోత! ఆయమ్మ!" అని మాట పూర్తి చేయలేకపోతున్నాడు. పెద్దసారు, "నేనే కదమ్మా ప్రాణంతో సమానమన్నాను" అంటున్నారు. కమిటీవాళ్ళకు ఎవరో ఇంగ్లీషులో విడమరిచి చెబుతున్నారు. అమ్మాయి నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. వాళ్ళలో పెద్దావిడ, కమిటీకి అధ్యక్షురాలు, అడిగిన మాట మాత్రం స్పష్టంగా వినపడింది. కారణం సరే, అది పనిచేస్తుందని మేం చూసేది ఎప్పుడు, మా రైలు సాయంత్రమే కదా అని.

ఆ అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఉరుములు దూరంగా జరుగుతున్నాయి. ఈ వాన పోతే ఇవాళ్టికి మళ్ళీ వస్తుందా?

మెరుపులు పూర్తిగా ఆగాక ఆయమ్మను బతిమాలాను. ఆవిడ ససేమిరా అంది. మబ్బు ఇంకా పోలేదు, మళ్ళీ ఉరుముతుంది, కాలితే తన మీదికి వస్తుందని ఆవిడ భయం. నేను భూమి తీగ గురించి చెప్పినకొద్దీ ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది. అమ్మాయి ఫోనులో ఇదంతా వింటోంది. "మేడం, ఆయమ్మకి ఇవ్వండి ఒకసారి" అంది. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"ఆయమ్మా, నేను తెనాలిలో తెర చూసే అమ్మాయిని. మా అమ్మ ఇప్పుడు బాపట్ల దగ్గర పొలంలో ఉంది. కలుపు తీస్తా ఉంది. ఉరిమేది ఆ మిషన్ వినకపోతే పిడుగు ఎటు పోతందో నాకు తెలీదు. నాకు తెలీకపోతే మా అమ్మకి ఎవరు చెప్తారు ఆయమ్మా?"

ఆయమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "ఇప్పుడు పొలంలోనే ఉందా మీ అమ్మ? ఇంత మబ్బులో?"

"ఉంది. మాకు కూలి అదే కదా."

ఆవిడ లేచింది. ముందు ప్లగ్గు పెట్టింది. ఆ తరువాత కవరు తీసి, తీగ కొస తువ్వాలుతో తుడిచి, నేను చెయ్యి చాపబోతే తోసేసింది. "నేను పీకింది నేనే పెడతా." మర బిగించి, ఒకసారి కదిలించి చూసి, గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. తెనాలి నుంచి తమ్ముడి గొంతు, "గుసగుస వచ్చిందక్కా, గుసగుస వచ్చింది!" నేను ఎంగిలి చెయ్యి నా చీరకే తుడుచుకున్నాను.

ఎదురుచూశాం. పిల్లలూ, మీరు పరీక్ష ఫలితాల కోసం చూసి ఉంటారు. వాన కోసం, అదీ ఉరుముల వాన కోసం, ఇద్దరు ఆడవాళ్ళం మేడ మీద కూర్చుని దేవుడికి మొక్కుకోవడం మీరు ఎక్కడా చూసి ఉండరు. ఆయమ్మ మొక్కు ఏమిటో నాకు తెలియదు. ఉరమకూడదని మొక్కుకుందేమో కూడా, ఆవిణ్ణి నమ్మలేం.

ఏటి అవతలి నుంచి ఇంకో నల్లటి మబ్బు లేచింది. గాలి తిరిగింది. చల్లటి జల్లు మొహాన కొట్టింది. తూర్పు వైపు మెరిసింది. నా చేతిలో ఫోనులోంచి అమ్మాయి కేక వినపడింది.

"మేడం, మూడూ పట్టాయండి! చుక్క పడింది! మీకు తూర్పున, ఏటి ఒడ్డున, ఆ పక్కనే—"

ఆమె మాట పూర్తి కాకముందే ఉరుము వచ్చింది. గది తలుపులు గడగడలాడాయి. ఆ ఉరుము ఫోన్లోంచి తెనాలి చేరింది. అవతల చప్పట్లు. నిజంగా చప్పట్లే. నేను ఆయమ్మను వాటేసుకున్నాను.

ఆవిడ మాత్రం ఫోన్ వైపు, మిషన్ వైపు మార్చి మార్చి చూస్తోంది. "ఉరమకముందే ఆ పిల్లకి ఎట్లా తెలిసిందండి? ఇది చెప్పిందా?"

"ఇదే చెప్పింది. ఉరుము నడిచి వస్తుంది ఆయమ్మా. దీని కబురు అంతకంటే ముందే పోతుంది."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఇన్నాళ్ళూ దీని నోరు కట్టేశానా తల్లీ!"

"ఊరుకో ఆయమ్మా. తెనాలిలో మా ఇంటికి వచ్చి చూడు. ఇదే మిషన్ మా ఇంట్లో పెట్టి ఉంటే నేను పీకి ఉండేదాన్ని కాదనుకున్నావా?" అన్నాను. ఓదార్పు కోసం అన్న మాట కాదది. పెద్దసారు ఇంట్లో పీకుతారు, తమ్ముడి భార్య పీకుతుంది, ఆ అమ్మాయి వాళ్ళమ్మ పీకుతుంది. అందరం ఇళ్ళల్లో పీకి వచ్చి, మిషన్ ఎందుకు మూగబోతోందని తలలు పట్టుకుని కూర్చున్నాం. నవ్వొచ్చింది. ఆయమ్మ కూడా నవ్వింది. ఆ తరువాత వచ్చిన ప్రతి మెరుపుకూ తెనాలిలో ఒక చుక్క, మాకు ఒక ఉరుము. ఆవిడ ప్రతిసారీ "అర్జునా, ఫల్గుణా" అంటూనే ఉంది, గుమ్మం మాత్రం వదల్లేదు.

కమిటీ పెద్దావిడ రైలెక్కే ముందే చెప్పేసిందట, మిషన్లు ఎక్కడివక్కడే ఉంటాయని. పెద్దసారు సంతోషం పట్టలేక ఆవిడ చేతిలో బెల్లం జిలేబీ పొట్లం పెట్టారు. సిల్కు చీరకు పాకం అంటిందని తమ్ముడు నాకు నెలల పాటు చెప్పి నవ్వించాడు.

ఆ వారంలోనే సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ముక్క చేర్చాను. గుసగుస పూర్తిగా ఆగిపోతే యాంటెన్నా తీగ ఊడిందని అర్థం, పచ్చ గడి ఎర్రబడాలి. తెనాలి తెర మీద దానికి ఏదో నంబరు వస్తుంది. రేపల్లె గదిలో చిన్న తెర మీద మాత్రం తెలుగులో వచ్చేలా రాశాను: "ఆయమ్మా, తీగ పెట్టమ్మా." ఆవిడ కూడబలుక్కుని చదివి, "నా పేరు మీద రాశారా!" అని మురిసిపోయింది. నేను రిటైరయ్యేదాకా ఆ మాట తెర మీద ఒక్కసారి కూడా రావాల్సిన అవసరం పడలేదు. ఉరిమితే ఆవిడ ఫ్రిజ్ పీకి, టీవీ పీకి, పైకి వెళ్ళి మిషన్ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. తువ్వాలు మాత్రం కప్పేది. అది మేం ఒప్పుకున్నాం.

మీకు సలహా ఇవ్వమని ఎవరూ అడగలేదు గానీ ఇస్తాను. మీరు ఏ మిషన్‌కు సాఫ్ట్‌వేర్ రాసినా, దాని పక్కన కాపురం ఉండే మనిషి ఇంట్లో ఒక పూట భోజనం చేయండి. అది కూడా వాన వచ్చే రోజు చేయండి. రొయ్యల ఇగురు ఉంటే ఇంకా మంచిది.

అమ్మాయి ఇప్పుడు డాక్టరేటు పుచ్చుకుని ఆ కంట్రోల్ రూములోనే నా కుర్చీలో కూర్చుంటోంది. మొన్నీమధ్య మధ్యాహ్నం మా ఇంట్లో కునుకు తీస్తున్నాను. ఫోన్ కుయ్యిమంది. బాపట్ల వైపు మబ్బు, పొలాల్లో ఉన్నవాళ్ళు ఏదైనా ఇంట్లోకి చేరండి అని కబురు. మూడు ఊళ్ళ పొలాల్లో వేల ఫోన్లు అలాగే కుయ్యిమని ఉంటాయి. లేచి వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి మళ్ళీ ఫోన్. ఈసారి అమ్మాయి వాళ్ళమ్మ. వెనకాల వాన చప్పుడు, ఆడవాళ్ళ మాటలు, నవ్వులు.

"అక్కగారూ, మేమంతా కలుపు ఆపేసి చర్చిలోకి వచ్చేశామండి. ఇప్పుడే మా చేను పక్కనే పడింది. మేం ఎవరం లేం అక్కడ." ఆ వెంటనే, "మీరు ఫ్రిజ్ ప్లగ్గు పీకారా?" అంది.

"మీరు ఫోన్ చేసేలోపే పీకేశానండి" అన్నాను.